దేవదారు పుల్ల

ఇమ్మానుయేలు దేవదారు పుల్ల ఒక కొసను పళ్ల మధ్య బిగించి, రెండో కొసను గిటారు పొట్టకు ఆనించి, బొటనవేలితో లావు తీగను మీటాడు. వీధిలో బస్సుల హారన్లు, పక్క కొట్టువాడి బేరాలు ఒక్కసారిగా వెనక్కి పోయాయి. దవడ ఎముకలోంచి చెక్క పలికింది. కలకత్తా ధర్మతల్లాలోని ఆ వాద్యాల కొట్టులో ముప్పై ఒక్క ఏళ్లుగా అతను వినే పద్ధతి అదే. ఆ రొదలో చెవిని నమ్ముకుంటే పని జరగదని మొదటి వారంలోనే తెలుసుకుని, పాడైపోయిన గిటారు పలక నుంచి జానెడు పుల్ల చెక్కుకున్నాడు. అరిగినప్పుడల్లా మరొకటి.

పొట్టి మనిషి. యాభై తొమ్మిదేళ్లు. గోళ్ల సందుల్లో లక్క, వేళ్ల కొసల్లో తీగలు కోసిన కాయలు, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు. తండ్రి శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చి వాట్‌గంజ్‌లో ఉండిపోయాడు. కొడుకు చర్చి గిటారు బాగుచెయ్యబోయి ఈ పనిలో ఉండిపోయాడు. అతని చేతి మీదుగా వెళ్లిన గిటార్లు ఎన్ని వేదికలెక్కాయో గానీ, అతన్ని ఎక్కించిన వేదిక ఒక్కటీ లేదు. అందుకు అతనికి బాధా లేదు. బల్ల ఉంటే చాలు.

ఆ బల్లే ఇవాళ ఉంటుందో ఊడుతుందో తెలియడం లేదు.

ముందున్నది కౌముది గిటారు. విశాఖ నుంచి వచ్చి సెక్టార్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. గిటారు నడుమ గట్టి చెక్క దిమ్మ, రెండు పక్కలా డొల్ల, పైన వంకర కన్నాలు రెండు. ఇలాంటిది తియ్యగా పలకాలంటే దాని డొల్లకు ఊపిరాడాలి. మరీ ఎక్కువ ఆడితే స్పీకరు ముందు ఊళపెడుతుంది. సాయంత్రం ఐదింటికి ఆ పిల్లకు ఒక బ్యాండులో పరీక్ష. పది రోజుల్లో రెండుసార్లు తెచ్చి "అరుస్తోంది అంకుల్" అంది. రెండుసార్లూ ఇతను కన్నాల్లో స్పాంజి కుక్కి పంపాడు. గిటారు గొంతు మూగబోయింది తప్ప అరుపు తగ్గలేదట.

ఈ నెలలో వెనక్కొచ్చిన పనుల్లో ఇది నాలుగోది. యజమాని బిమల్‌దా ఒక్క మాట అనలేదు. అనకపోవడమే భయంగా ఉంది. ఇంట్లో భార్య మేరీరాణి మాత్రం దులిపేసింది. మొన్న ఆదివారం కుక్కర్ కూతలు చూడమని భర్తకు అప్పగించి ఆవిడ పక్కింటికి వెళ్లొచ్చేసరికి పప్పు మాడి బొగ్గయింది. "కూతేస్తే కదా కట్టేది!" అని ఎదురు దెబ్బలాడాడు మహానుభావుడు.

ఒంటిగంటన్నరకు కౌముది వచ్చింది. కుర్చీలో సగమే కూర్చుంది.

"అయిపోయిందమ్మా. సెక్క సక్కగా ఉంది, నాను ఇన్నాను" అంటూ వైరు తగిలించి స్పీకరు పెంచాడు.

కౌముది రెండు చేతులతో చెవులు మూసుకుంది. గల్లా దగ్గర బిమల్‌దా లేచి నిలబడ్డాడు. టీ పోస్తున్న మనిషి చేతిలో గ్లాసు తొణికింది. ముగ్గురి ముఖాలూ ఒకేలా ముడుచుకుపోయాయి.

ఇమ్మానుయేలుకు సీలింగ్ ఫ్యాన్ చప్పుడు వినబడింది. అంతే.

స్పీకరు కట్టేశాడు. పుల్ల అతనికి చెక్క మాటలన్నీ చెప్పింది కానీ, చెక్కది కాని మాట అది మొయ్యదు. అందుకే ఇన్నాళ్లూ చెవులు పోతున్న సంగతి తెలియలేదు.

స్పీకరుదే తప్పు అనేస్తే సరిపోతుంది. ఆ అబద్ధం నాలుక చివరికి వచ్చి కూర్చుంది. పోయిన నెల ఇద్దరికి అదే చెప్పాడు, అప్పుడు నిజమనుకునే చెప్పాడు. ఇవాళ అంటే మాత్రం ఈ పిల్ల ఆ అరుపును మోసుకుని పరీక్షకు పోతుంది. కౌముది గడియారం చూసుకుంటోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అమ్మా" అన్నాడు. స్పీకరు వైపు చూపించాడు. "నాకు ఇనబళ్లేదమ్మా."

"ఏది వినబడలేదు?"

"ఆ అరుపే. ఎలాగరిసిందో నువ్వు సెప్పాలి. లావుగానా, సన్నంగానా?"

కౌముది అతని ముఖంలోకి చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాడు.

"సన్నగా అంకుల్" అంది నెమ్మదిగా. "కుక్కర్ కూతలాగా."

ఇమ్మానుయేలు కళ్లు మూసుకున్నాడు. తర్వాత గబగబా స్పాంజి పీకి అవతల పారేశాడు. లావు ఊళ అయితే చెక్కది. సన్న కూత పికప్‌ది, తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే ముక్కది. దాని లోపలి రాగి తీగ చుట్లు వదులైతే అలా కూస్తాయి. తప్పు ఒకరిదైతే పది రోజులుగా నోరు నొక్కింది ఇంకొకరిది.

టీ మనిషి పొయ్యి మీద ఇమ్మానుయేలు నీళ్ల గిన్నె పెట్టించాడు. అందులో డబ్బా, డబ్బాలో కరెంటు పోతే వెలిగించుకునే కొవ్వొత్తులు. మైనం కరిగాక పికప్ ఊడదీసి ముంచాడు. చుట్లలోని గాలి బుడగలై తేలుతుంటే ఇద్దరూ వంగి చూస్తూ కూర్చున్నారు. బుడగలు ఆగితే చుట్ల సందుల్లో మైనం నిండి బిగిసినట్టు. దీనికి చెవులక్కర్లేదు. రెండున్నరకు ఆఖరి బుడగ లేచింది. ఆరబెట్టి, వైర్లు అతికి, తీగలు బిగించేసరికి మూడున్నర.

స్పీకరు పెంచుతూ ఆ పిల్ల చేతులనే చూశాడు. ఆ చేతులు చెవుల మీదికి వెళ్లలేదు.

"టోన్ బటన్ కూడా నువ్వే తిప్పుకోమ్మా. నాది నమ్మకు."

కౌముది దాన్ని సగానికి తగ్గించింది. అతని చెవికి ఆ మోత దుప్పటి కప్పినట్టుంది. ఆమె ముఖం మాత్రం విప్పారింది. చాలాసేపు ఆపకుండా వాయించింది. అతను పుల్లను చొక్కా అంచుతో తుడిచి అందించాడు. "ఓపాలి కొరికి ఇను." ఏమాత్రం వెనుకాడకుండా పళ్ల మధ్య పెట్టుకుని మీటింది. కళ్లు పెద్దవయ్యాయి.

"తలంతా గిటారే అంకుల్!"

పుల్లను బల్ల మీద పెట్టి, అతని పాదాలకు వంగి దణ్ణం పెట్టి, పరుగున వెళ్లిపోయింది.

అప్పుడు బిమల్‌దా దగ్గరికి వెళ్లి బెంగాలీలో చెప్పాడు, చెవుల సంగతి. "జానీ" అన్నాడు బిమల్‌దా, తెలుసని. రెండేళ్లుగా రోజూ ఇతను ఇంటికి వెళ్లాక, సన్న స్వరాలు వినబడక ఇతను పదును ఎక్కువ పెట్టిన గిటార్లను ఆయనే సరిచేసి ఇస్తున్నాడట. ఈ మధ్య ఆయనకు చూపు ఆనక కొన్ని తప్పిపోయాయట. ఇమ్మానుయేలుకు ఏడుపొచ్చింది. సిగ్గుకన్నా ఆ ప్రేమే ఎక్కువ కోసింది.

"రేపట్నుంచి రాను దాదా."

బిమల్‌దా వద్దనలేదు. ఇద్దరూ టీ తాగారు. ఇమ్మానుయేలు పనిముట్లు సంచిలో సర్దుకుని, స్క్రూడ్రైవరు జేబులోనే ఉంచుకుని, ఇంటివైపు వెళ్లే ఖిదిర్‌పూర్ బస్సెక్కాడు. ఆ వేళప్పుడు బస్సులో ఎప్పుడూ దొరకని కిటికీ సీటు దొరికింది.

కొట్టు కట్టేసే ముందు బిమల్‌దా బల్ల తుడవబోయి ఆగాడు. దేవదారు పుల్ల అక్కడే ఉంది. ఒక కొసన లోతైన పంటి గాట్లు నల్లబడి ఉన్నాయి, వాటి పక్కనే ఇంకా తెల్లగా చిన్న గాటొకటి.