రేవు గుమాస్తా పెళ్ళాం

చిన్నోడికి ఇరవై ఒకటో ఏడు నడుస్తున్నా ఇంట్లో ఆ పిలుపు మారలేదు. డిగ్రీ చివరి సంవత్సరం. మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో అక్కతో కలిసి ఉండేవాడు. అక్క రెడీమేడ్ చొక్కాల యూనిట్లో కాలర్లు కుట్టేది. ఇంట్లో వంట చిన్నోడిది, గిన్నెలు అక్కవి. ఈ ఒప్పందం ఎప్పుడు కుదిరిందో ఇద్దరికీ గుర్తులేదు గానీ ఒక్కపూట కూడా తప్పలేదు.

పొద్దున ఐదింటికే లేచి టీ పెట్టుకుని, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని ఏడింటిదాకా నవల రాసేవాడు. ఆ రెండు గంటలూ అక్క గట్టిగా దగ్గడానికి కూడా లేదు. తర్వాత కాలేజీ. రెండింటికి తిరిగొచ్చి, బియ్యం కడిగి, గుడ్లో బంగాళాదుంపలో ఉడకేసి, ఉల్లిపాయలు వేగుతుండగా పొద్దున రాసింది దిద్దుకునేవాడు. అతని కాగితాల మీద సిరా మరకల కంటే నూనె మరకలే ఎక్కువ. ఆరింటికి అక్క వచ్చి, మిషను తొక్కి తొక్కి వాచిన పాదాలు గోరువెచ్చటి నీళ్ళ బకెట్లో పెట్టుకుని టీ గ్లాసు అందుకున్నాక, ఆనాటి పేజీ చదివి వినిపించేవాడు.

నవల ఒక నది రేవులో పడవ టిక్కెట్లు ఇచ్చే గుమాస్తా గురించి. రెండేళ్ళలో నూట నలభై పేజీలైంది. గుమాస్తా కిటికీ వెనక కుర్చీలో కూర్చుని నది వంక చూస్తూ జీవితం గురించి ఆలోచిస్తుంటాడు. అక్క విని "బావుందిరా" అనేది. ఒక్కోసారి కళ్ళు మూసుకుని మరీ అనేది. చిన్నోడు దాన్ని తన్మయత్వం కింద జమకట్టుకున్నాడు.

కాలేజీకి సెలవైన ఒక బుధవారం అక్క అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళింది. చిన్నోడు ఆ డబ్బా పట్టుకుని యూనిట్‌కి బయల్దేరాడు. అప్పుడే టీ విరామం. గేటు పక్కన రేకుల పాక కింద పది పన్నెండు మంది ఆడవాళ్ళు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. మధ్యలో అక్క. గోడ దాటబోతుండగా "మన గుమాస్తా" అన్న మాట చెవిన పడి టక్కున ఆగిపోయాడు. తన నవల! ఇంతమంది వింటున్నారు! ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆ పొంగు నిమిషం కూడా నిలవలేదు.

"ముప్పై ఏళ్ళుగా ఆ కిటికీ వెనకాల ఎవరి మొహమూ చూడడు," అంటోంది అక్క. "చేతులే చూస్తాడు. చెయ్యి చాపితే టిక్కెట్టు పెడతాడు, అంతే. ఆ రోజు ఒక చెయ్యొచ్చింది. చిటికెనవేలి మీద కాలిన మచ్చ. ఆ మచ్చ అతనికి తెలుసు. పొద్దున తనకి టీ ఇచ్చిన చెయ్యి. 'ఒకటివ్వండి. వెళ్ళడానికే, తిరిగి రావడానికి వద్దు' అందావిడ."

బొత్తాల కాజాలు కుట్టే ఆవిడ చేతిలో గ్లాసు పెదాల దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"ఇచ్చాడా?" అంది ఆవిడ.

గంట మోగింది. "రేపు," అంటూ అక్క లేచి చీర దులుపుకుంది. అందరూ ఒక్కసారిగా ఉసూరుమన్నారు. "రాత్రంతా మాకు నిద్రెలా పడుతుందే తల్లీ!" అని ఒకావిడ శాపనార్థాలు పెట్టింది. ఒక్కరూ టీ సగం కూడా తాగలేదు.

చిన్నోడు డబ్బాని గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చేశాడు. దారి పొడుగునా చెవుల్లోంచి పొగలు. తన నవల్లో గుమాస్తాకి పెళ్ళాం లేదు. మచ్చ లేదు. నదిని పదకొండు రకాలుగా వర్ణించాడు కానీ, ఆ కిటికీలోంచి చేతులు మాత్రమే కనిపిస్తాయన్న సంగతి ఒక్కసారైనా తట్టలేదు. ఎనిమిదో తరగతితో చదువు మానేసిన మనిషికి ఎలా తట్టింది?

ఆ సాయంత్రం ఉల్లిపాయలు మాడాయి.

"టీ టైములో ఏం మాట్లాడుకుంటారక్కా?" అన్నాడు ఏమీ ఎరగనట్టు.

"ఏముందిరా, నీ కథే. కాస్త ఉప్పూకారం వేసి చెప్తుంటాను. పాపం, వాళ్ళకీ పొద్దుపోతుంది."

"మరి పెళ్ళాం ఎక్కణ్ణుంచొచ్చింది?"

అక్క తడబడింది. "నీకెవరు చెప్పారు? ఏమోరా, ఎన్నాళ్ళని ఒక్కడే కూర్చుంటాడు? జాలేసింది."

జాలేసిందట! తను రెండేళ్ళు నెత్తురు ధారపోస్తే, ఈవిడ జాలిపడి ఒక పెళ్ళాన్ని తెచ్చి పెట్టింది. పైగా అది సరిగ్గా అతుక్కుంది కూడా. అందుకే మరీ కడుపు మండింది. అక్క చెప్పింది చెత్తగా ఉండి ఉంటే నవ్వి ఊరుకునేవాడు.

మర్నాటి నుంచి చదివి వినిపించడం మానేశాడు. అక్క గిలగిల్లాడుతుందనీ, కథ ముందుకు సాగక టీ పాక దగ్గర నీళ్ళు నములుతుందనీ అతని లెక్క. అక్క మాత్రం "పరీక్షలా? సరే, చదువుకో" అని పాదాలు నీళ్ళలో పెట్టుకుని హాయిగా కళ్ళు మూసుకుంది.

చిన్నోడు రెండు రోజులు క్లాసులు ఎగ్గొట్టి గోడ వెనకాల నిలబడ్డాడు. కథ ఆగలేదు సరికదా, ఊపందుకుంది. టిక్కెట్టు ఇంకా గుమాస్తా చేతిలోనే ఉంది. ఆ లోపల వాళ్ళ పెళ్ళినాటి సంగతి, మొదటిసారి మాటలు మానేసిన సంగతి, ఆవిడ వేలు ఎలా కాలిందో ఆ సంగతి, ఒక్కొక్కటీ పదేసి నిమిషాలు. ఆడవాళ్ళు నవ్వారు, ముక్కులు చీదారు. పొద్దున్నే చిన్నోడు వాటిని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టి చూశాడు. అక్క నోట్లో ఊపిరాడిన మాటలు తన చేతిలో చల్లారిన అన్నంలా ముద్దకట్టాయి. మూడు పేజీలు రాసి మూడూ చింపాడు. దొంగతనం కూడా చేతకాలేదన్న కుళ్ళు దానికి తోడైంది.

సోమవారం మళ్ళీ వెళ్ళాడు. ఆ రోజు కాలర్ల కొలతల్లో ఏదో తేడా వచ్చి సూపర్‌వైజరు అక్కని లోపలికి పిలిచాడు. పాక కింద ఆడవాళ్ళు గిలగిల్లాడుతున్నారు. కాజాల ఆవిడ గోడ పక్కన చిన్నోణ్ణి పసిగట్టింది.

"నువ్వు కాలరక్క తమ్ముడివి కదూ! రా బాబూ, కూర్చో. చదువుకునేవాడివట, నీకూ చెప్పే ఉంటుంది. అతను టిక్కెట్టు ఇచ్చాడా లేదా?"

పన్నెండు జతల కళ్ళు తన మీద వాలాయి. జీవితంలో మొదటిసారి ఇంతమంది అతని నోటి వంక చూస్తున్నారు, అదీ అక్క కథ కోసం.

"ఇచ్చాడు," అన్నాడు. "ఆవిడ ఎక్కింది. పడవ మునిగింది. చచ్చిపోయింది. అసలది నా నవల. మా అక్క నా దగ్గర విని మీకు చెప్తోంది."

కాజాల ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "అయ్యో, ఎందుకు చంపావయ్యా?" అంది, నిజంగా మనిషిని చంపినవాణ్ణి అడిగినట్టు.

అప్పుడే అక్క బయటికొచ్చింది. ఒకావిడ జరిగింది చెప్పింది. అక్క చిన్నోడి వంక చూసింది. అతను తిట్టుకి సిద్ధంగా ఉన్నాడు. ఇంట్లోలాగే అందరి ముందూ "ఒరేయ్" అంటే ఎదురు తిరగడానికి మాటలు కూడా కూడబలుక్కున్నాడు.

"అవును, వాడి కథే," అంది అక్క. "వాడు చెప్పిందే నిజం." టీ తాగకుండానే మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాత వారం రోజులు పాక కింద కథ లేదు. చిన్నోడు ఒకసారి వెళ్ళి చూసుకున్నాడు కూడా. ఆడవాళ్ళు ఎవరి ఫోన్లో వాళ్ళు తల దూర్చారు. అక్క ఓ మూల కూర్చుని సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుంది. ఇంట్లో మాత్రం అలక లేదు, మూతి ముడుపు లేదు. "ఉప్పు సరిపోయిందిరా", "సబ్బు అయిపోయింది", అంతవరకే. అదీ ఎప్పటిలా మామూలుగానే.

గెలిచానని సంతోషించాల్సింది పోయి చిన్నోడికి తిండి సయించలేదు. నిజానికి ఆ పెళ్ళాం చావలేదని అతనికి తెలుసు. ఆవిడ అక్క లోపల ఎక్కడో ఉంది, ఏదో చేస్తోంది, అదేమిటో అక్క ఒక్కదానికే తెలుసు. గిన్నెలు తోముతూ అక్క ఉన్నట్టుండి చిన్నగా నవ్వుకుంటే, ఆ నవ్వు మీద కూడా ఒళ్ళు మండిపోయేది.

ఆదివారం ఇక ఉండబట్టలేక టీ పెట్టి, గ్లాసు అక్క చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, టిక్కెట్టు ఇచ్చాడా?"

"నువ్వే చంపేశావుగా."

"అబద్ధం చెప్పాను. వాళ్ళు నిన్ను అలా వింటుంటే ఓర్వలేకపోయాను. కుళ్ళుతో అన్నాను."

అక్క గ్లాసు పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. "కుళ్ళా? నా మీదా?" నవ్వడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత మొహం మారింది.

"రెండేళ్ళుగా నీ మీద ఎంత కుళ్ళుకున్నానో తెలుసట్రా? నిద్ర లేవంగానే టీ పెట్టుకుని రారాజులా బల్ల దగ్గర కూర్చుంటావు. నేను పక్కగదిలో దగ్గు నొక్కుకుని పడుకుంటాను. నాకూ ఆలోచించుకోడానికి ఒక గంట ఎవరైనా ఇస్తే బావుండనిపించేది. నాకు దొరికింది ఆ పావుగంట టీ టైమే. అదీ నీ కంట పడింది."

అక్క కుళ్ళుకోగలదన్న ఊహే చిన్నోడికెప్పుడూ రాలేదు.

"మరి ఇచ్చాడా?" అన్నాడు సిగ్గు విడిచి.

"నీకొక్కడికీ చెప్పను. వాళ్ళ ముందు చంపావు, వాళ్ళ ముందే బతికించు. అప్పుడు అందరితో కలిసి విను."

మర్నాడు టీ వేళకి వెళ్ళాడు. "ఆవిడ చావలేదండీ. అక్క కథ నాకంటే బాగుందని కుళ్ళుకుని అలా అన్నాను," అన్నాడు.

"మాకు తెలుసులే," అంది కాజాల ఆవిడ. "అలా టిక్కెట్టు అడిగిన మనిషి అంత తేలిగ్గా మునుగుతుందా? జరగండమ్మా, ఈ అబ్బాయికి కాస్త చోటివ్వండి."

బల్ల చివర ఇరుక్కుని కూర్చున్నాడు. అక్క గొంతు సవరించుకుంది.

"ఇచ్చాడు," అంది. "ఏమీ అడగలేదు, ఆవిడా ఏమీ చెప్పలేదు. వెనకాల వరసలో నలభై మంది తోసుకుంటున్నారు, అడగడానికి టైమేది? అందరికీ టిక్కెట్లు చింపి ఇచ్చాడు. ఆఖరి చెయ్యి వెళ్ళిపోయాక తలెత్తి చూశాడు. అప్పటికి పడవ కదిలింది. అందరూ అవతలి గట్టు వైపు చూస్తున్నారు. ఒక్క మొహం మాత్రం ఇటు తిరిగి ఉంది. ముప్పై ఏళ్ళలో ఆవిడ మొహం అతను సరిగ్గా చూసింది అప్పుడే."

గంట మోగింది. ఒకావిడ కొంగు కళ్ళకద్దుకుంది. చిన్నోడికి వీపు మీద రోమాలు లేచాయి. వెంటనే, ఆ వాక్యం తనదైతే ఎంత బావుండు అన్న పాత మంట కూడా లేచింది. అది పోలేదు. పోతుందని అతను అనుకోనూ లేదు.

మర్నాడు ఐదింటికి రెండు గ్లాసుల టీ పెట్టి, అక్కని లేపి, బల్ల దగ్గరి కుర్చీ చూపించాడు. తన కాగితాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చున్నాడు. అవతల గదిలోంచి చప్పుడు లేదు. గంట గడిచాక, గుడ్లు ఉడుకుతుండగా ఆగలేక తొంగి చూశాడు. అక్క కాళ్ళు పైకి పెట్టుకుని కిటికీ వంక చూస్తూ కూర్చుంది.

"ఏమైనా తోచిందా?"

"ఏమీ తోచలేదురా. హాయిగా ఉంది."

ఆ బల్ల దగ్గర రెండేళ్ళలో చిన్నోడు ఒక్కరోజు కూడా హాయిగా కూర్చోలేదు.

"నాకు కుళ్ళుగా ఉంది," అన్నాడు, ఈసారి పైకే.

"ఉంటే ఉండనీ," అంది అక్క అటు తిరక్కుండానే. "ముందు పొయ్యి కట్టెయ్, గుడ్లు పగిలిపోతాయి."