ఆరున్నొకటి

మొదలుపెట్టేటప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి: అట్టపెట్టెలో కొత్త బ్యాలెన్సర్, పొడుగు పిడి ఉన్న స్పానర్, మా ఆవిడ నాగరత్నం కుడిచేయి. చేయి కారు కిటికీలోంచి బయటికి ఉంది. మిగతా నాగరత్నం లోపల ముందు సీట్లో కూర్చుని ఉంది, రెండుగా.

రెండుగా అంటే వేలెడు ఎడంతో. ఫొటో తీసేటప్పుడు చేయి కదిలితే మనిషి పక్కనే మరో మనిషి పడుతుందే, అలాగ. ముక్కుపుడకలు రెండు, బొట్లు రెండు, నా వైపు చూస్తున్న కళ్ళు నాలుగు. కుడిచేయి మాత్రం ఇంకా విడిపోలేదు. అందుకే దాన్ని వదలకుండా పట్టుకున్నాను.

ఉదయం పదకొండు గంటలు. విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డు. కారు తాళంచెవి నా జేబులో ఉంది, అయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంది. షెడ్డులో మరేదీ వణకడం లేదు. బానెట్ మీద పెట్టిన గ్లాసులో టీ మీగడ కట్టి నిశ్చలంగా ఉంది. వణుకంతా ఆవిడలోకే వెళ్తోంది.

నేను పాత బండ్ల విడిభాగాలు కొని అమ్మేవాణ్ణి. ఏ వస్తువులో ఎక్కడ లోపముందో నాకు తెలుసు. దాన్ని ఎటు తిప్పి పెడితే ఆ లోపం కనబడదో కూడా తెలుసు. ఈ కారు గేరుబాక్సుల మార్పిడిలో నాకు వచ్చింది. నల్లది, రెండు తలుపులది, ఎనిమిది సిలిండర్లది. ఇంజిన్ నెత్తిన సూపర్‌చార్జర్ ఉంటుంది. గాలిని బలవంతంగా లోపలికి తోసే పంపు అది. ఇంజిన్ ముందుభాగంలో, క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసు చివర, బ్యాలెన్సర్ అనే చక్రం ఉంటుంది. బయట ఇనుప వలయం, లోపల ఇనుప వలయం, నడుమ రబ్బరు. పిస్టన్లు కొట్టే దెబ్బలకు షాఫ్టులో పుట్టే వణుకును ఆ రబ్బరు తాగేస్తుంది. రబ్బరు చచ్చిపోతే వణుకు ఊరుకోదు, ఉండడానికి చోటు వెతుక్కుంటుంది.

ఈ కారుకు నేను బిగించినది చచ్చిన రబ్బరుది. పాతదానికి నల్లరంగు పూసి అమ్మకానికి పెట్టాను. ఎవరూ కొనలేదు, మన బండికే వాడేశాను. ఆరోజు నాగరత్నం అడిగింది, ఇది మంచిదేనా అని. కొత్తదానికంటే మంచిదన్నాను.

మెకానిక్ మీరావలి వస్తాడు. ముప్పై ఏళ్ళ పరిచయం. కారును చూడడు, ముందు ఆవిడనే చూస్తాడు.

"ఎప్పట్నుంచి ఇట్టా?"

"పొద్దున పాలవాడు వెళ్ళాక కారెక్కినప్పట్నుంచి."

"మాటలు కలిసే వస్తన్నయ్యా, ఇడిపోయినయ్యా?"

నేను జవాబు చెప్పేలోగా ఆవిడే చెబుతుంది.

"ఏవండీ, దాహంగా ఉంది."

"ఏవండీ, దాహంగా లేదు."

నీళ్ళ సీసా అందిస్తాను. ఎడమవైపు నాగరత్నం తాగుతుంది. కుడివైపు నాగరత్నం మూతి తుడుచుకుంటుంది.

"ఇడిపోయినయ్." మీరావలి చేతులు గుడ్డకు తుడుచుకుంటాడు. "ఆనాడే చెప్పా శెట్టిగారా. మంచి సరుకు అల్మారాలో పెట్టుకుని చచ్చింది ఎందుకు బిగిస్తన్నారంటే, అమ్ముడుపోయేదాన్ని ఇంట్లో వాడుకుంటామా అన్నారు తమరు."

"అన్నాను. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆ చెయ్యి రెండుగాకముందే మార్చాల. రెండైతే మాత్రం ఇంక నా చేతిలో లేదు. ఏ చెయ్యి పట్టుకుంటారు తమరు?"

నా అరచేతిలో చెమట పడుతోంది. ఆవిడ వేళ్ళు జారకుండా ఇంకాస్త బిగిస్తాను.

మీరావలి మొదట బెల్టు తీస్తాడు. బ్యాలెన్సర్ నుంచి సూపర్‌చార్జర్‌ను తిప్పేది ఆ బెల్టే. అది లేకపోతే సూపర్‌చార్జర్ ఆగిపోవాలి. ఆగదు. గాలిని వదిలేసి మాటల్ని లాగడం మొదలుపెడుతుంది. బయట నిమ్మకాయల బండివాడి కేక సగంలో తెగి లోపలికి పోతుంది. ఇంజిన్ ఆ సగం కేక మీద రెండు చుట్లు గట్టిగా తిరుగుతుంది. ఎదురు షెడ్డులో ఎవరో ఎవరినో తిడుతున్నారు, పెదవులు మాత్రమే కనబడుతున్నాయి.

"మంచిదే," అంటాడు మీరావలి నా చెవికి నోరు ఆనించి. "మాట ఇంటందంటే, చెప్తే ఆగుద్ది. ఎనిమిది సిలిండర్లనీ వరసన అంకెపెట్టి పిలవండి. పిలిచింది పిలిచినట్టు ఆగిపోద్ది. బండి ఎవురిదో వాళ్ళే పిలవాల."

ఇది తేలిక పని అనుకుంటాను. లెక్కపెట్టడం నాకు పుట్టుకతో వచ్చింది.

"లాభం," అంటాను.

ఏదీ ఆగదు. ఇంజిన్ చివర కొత్త సిలిండర్ మొలుస్తుంది. బానెట్ జానెడు ముందుకు సాగుతుంది.

"అదేందయ్యా!"

"మా ఇంటి లెక్క అంతే, మీరావలీ. మా నాన్నది పప్పుల కొట్టు. కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచానికి లాభం అంటాం. మామూలు అంకె అంటే వ్యాపారం అక్కడితో ఆగుతుందని."

"ఆగాలనే గదా మన బాధ!"

"అలవాటు. మిగతావి సరిగ్గా అంటాను." రెండు అంటాను, రెండోది ఆగుతుంది. మూడు, నాలుగు, ఐదు, ఆరు. వరసగా ఆగుతాయి. నాగరత్నంలో వణుకు తగ్గుతుంది. ఆవిడ మొహం దాదాపు ఆవిడ మొహంలా ఉంది. తరవాత నా నాలుక దానంతటది ఎప్పుడూ పోయే దారినే పోతుంది.

"ఆరున్నొకటి."

ఇంజిన్ విన్నది విన్నట్టే చేస్తుంది. ఆరోది లేస్తుంది. లేచి మిగతావాటిని లేపుతుంది. అన్నీ కలిసి పెద్ద కుదుపు ఇస్తాయి. ఆ కుదుపుకు నాగరత్నాలిద్దరి మధ్య ఎడం వేలెడు నుంచి బెత్తెడు అవుతుంది. నా చేతిలో ఉన్న చేతికి ఇప్పుడు బొటనవేళ్ళు రెండు.

ఆరు తరవాతి అంకెను మా ఇంట్లో పలకం. అది అంకె కాదు, ఎదుటివాళ్ళను కన్నీళ్ళు పెట్టుకోమని చెప్పడం. నలభై ఏళ్ళుగా ఆ మాట నా నోట రాలేదు. మా పెళ్ళి జూన్ ఆరో తారీకు మర్నాడు. మేం ఉండేది ఆరో నంబరు వీధి పక్కవీధి. నాగరత్నం వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంది: "మా ఆయనకి వారానికి ఆరున్నర రోజులే. మిగతా సగం నేను గడుపుతా."

"ఆ అంకె ఉన్నదున్నట్టు అనండి," అంటాడు మీరావలి.

నేను అనను. ఆరు తరవాత ఎనిమిది అని చూస్తాను. ఇంజిన్ క్షణం ఆగి, మోసపోయినట్టు తెలుసుకుని, ముందుకంటే గట్టిగా లేస్తుంది. "మూడూ నాలుగూ కలిపితే వచ్చేది" అని చూస్తాను. మూడోదీ నాలుగోదీ లేస్తాయి. ప్రతిసారీ లాభంతో మొదలుపెడుతున్నాను కాబట్టి ప్రతిసారీ ఓ సిలిండర్ మొలుస్తోంది. బానెట్ సాగి సాగి మీరావలిని గోడకు చేర్చింది. అతను పొట్ట లోపలికి లాక్కుని నిలబడి ఉన్నాడు.

"శెట్టిగారా, ఇంకో లాభం వొస్తే నేనుండను!"

నా అరచేతిలో ఏదో వేడిగా చీలుతుంది. చూస్తాను. రెండు చేతులున్నాయి. రెండూ నన్ను వదిలేస్తాయి.

తలుపులు రెండూ తెరుచుకుంటాయి. ఎడమవైపు దిగిన నాగరత్నం పటమట వైపు నడుస్తోంది. కుడివైపు దిగిన నాగరత్నం కానూరు వైపు నడుస్తోంది. ఇద్దరూ కొంగు ఒకేలా భుజం మీదికి లాక్కున్నారు. ఇద్దరూ వెనక్కి చూడడం లేదు. ఎవరి వెంట పరుగెత్తాలో తేల్చుకోవడానికి నాకు మూడు క్షణాలు పడుతుంది. ఆ మూడు క్షణాల్లోనూ నేను ఎటూ కదలలేదు. ఎటు కదిలినా సగం పోతుంది.

సూపర్‌చార్జర్ నోటి దగ్గర నా నోరు పెడతాను.

"ఒకటి."

ఆ మాట ఇంత చిన్నదని నాకు తెలియదు. మొదటి సిలిండర్ ఆగుతుంది. మొలిచిన సిలిండర్లన్నీ వచ్చిన దారినే లోపలికి పోతాయి. మీరావలి గోడ నుంచి ఊడి పడతాడు. రోడ్డుకు ఆ చివర నాగరత్నం, ఈ చివర నాగరత్నం ఆగి, తలలు తిప్పుతారు.

"రెండు." ఇద్దరూ అడుగు వెనక్కి వేస్తారు. మూడు, నాలుగు. ఎదురెదురుగా నడిచి వస్తారు. ఐదు. షెడ్డు గుమ్మంలో కలుసుకుంటారు. ఆరు. బెత్తెడు ఎడంతో నా ముందు నిలబడతారు. ఇంకా ఇద్దరే.

ఈ మొహానికి ఎదురుగా ఆ మాట అనాలి. నేను స్పానర్ కింద పెడతాను. మళ్ళీ తీసుకుంటాను.

"అనండి," అంటుంది నాగరత్నం. "నేను ఏడవను."

"అనండి," అంటుంది నాగరత్నం. "నేను ఏడుస్తాను."

"ఏడు," అంటాను.

సూపర్‌చార్జర్ ఆ మాటను లాక్కుంటుంది. నొక్కి, అణచి, ఎనిమిదింతలు చేసి లోపలికి తోస్తుంది. అది పొగగొట్టంలోంచి వీధిలోకి పోతుంది. ఏడోది ఆగుతుంది. ఎనిమిది అంటాను. అదీ ఆగుతుంది. ఇంజిన్ చల్లబడుతున్న చప్పుడు తప్ప షెడ్డులో మరేమీ లేదు.

నా ముందు ఒక నాగరత్నం ఉంది. ముక్కుపుడక ఒకటి, బొట్టు ఒకటి. ఆవిడ చుట్టూ అంచు గీసినట్టు స్పష్టంగా ఉంది.

మీరావలి మూడు కాళ్ళ పుల్లర్ తగిలించి బిగిస్తాడు. పాత బ్యాలెన్సర్ మూలుగుతూ ఊడివస్తుంది. రబ్బరు పొడిపొడిగా నేల మీద రాలుతుంది, అటుకుల్లా. కొత్తది నేను తొందరపడి సుత్తితో కొట్టబోతే చేయి పట్టుకుంటాడు. "కొట్టమాకండి. దానంతటది ఎక్కాల." చుట్టు చుట్టుగా బిగిస్తాడు. అది నిదానంగా షాఫ్టు మీదికి ఎక్కి కూర్చుంటుంది. చివరి బోల్టు బిగిస్తుండగా అతని చెంపల మీదుగా నీళ్ళు కారడం చూస్తాను.

"ఏమైంది?"

"తెలవట్లా. బోల్టు బానే బిగిసింది. ఏడుపొస్తంది."

నా చొక్కా ముందుభాగం తడిగా ఉంది. చూసుకుంటే నేనూ ఏడుస్తున్నాను. బయటికి వస్తాం. లారీల కింద వెల్లకిలా పడుకున్న మెకానిక్కులు పడుకునే ఏడుస్తున్నారు. వెల్డింగ్ చేసేవాడు ముసుగు ఎత్తి, నీళ్ళు పారబోసుకుని, మళ్ళీ దించుకుంటున్నాడు. నిమ్మకాయల బండివాడు కొనడానికి వచ్చిన ఆవిడతో బేరం తెంపకుండానే ఏడుస్తున్నాడు, ఆవిడా ఏడుస్తూ తగ్గించమంటోంది. నూనె మరకల మీదుగా నీళ్ళు రంగురంగులుగా పారుతున్నాయి. చీలమండల దాకా వచ్చాయి.

నాగరత్నం మాత్రం ఏడవడం లేదు.

"మీరావలీ, ఏడవనన్న ఆవిడ మిగిలింది. ఏడుస్తానన్న ఆవిడ ఏది?"

అతను రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తాడు.

"ఊరంతా ఉంది."

నీళ్ళు మోకాళ్ళు దాటుతాయి. బాడీ కట్టని లారీలు ముందు తేలుతాయి, తరవాత కట్టినవి. డ్రైవర్లు మోకులు పట్టుకుని, దేనికి కట్టాలో తెలియక చుట్టూ చూస్తారు. కరెంటు స్తంభాలు ఊగుతున్నాయి, గోడలు ఊగుతున్నాయి. ఊరు మొత్తంలో ఊగనిది రోడ్డు మధ్యన నిలబడి ఉంది.

"అమ్మా, కాస్త పట్టుకోండమ్మా," అంటాడు మొదటి డ్రైవర్.

"కట్టుకో నాయనా," అంటుంది నాగరత్నం. ఒక్కసారే అంటుంది. గాజులవాడికి చాచినట్టు చేయి చాస్తుంది.

అతను మణికట్టుకు కడతాడు. రెండోవాడు మోచేతికి. తరవాత వరసే. ట్యాంకర్లు, ట్రాక్టర్లు, క్రేను, నా నల్లకారు. ఎవరి తాడు కట్టినా ఆవిడ వెంట్రుకంత కూడా కదలదు.

నేనూ మీరావలీ ఒక లారీ తొట్టి మీదికి చేరాం. నీళ్ళు ఆవిడ భుజాల దాకా వచ్చాయి.

"రత్నం, చేయి ఇవ్వు. పైకి రా."

"నేను కదిలితే వీళ్ళేమైపోతారండీ?"

"మునిగిపోతావు."

"మునిగితే ఏమైంది? నేను కదలను కదా."

ఆవిడ చేతులకు ఖాళీ లేదు. తల వంచి జడ నా వైపు విసురుతుంది. పట్టుకుంటాను. లాగుతాను. తొట్టి ఆవిడ వైపు జరుగుతుంది తప్ప ఆవిడ పైకి రాదు. నీళ్ళు ఆవిడ గడ్డం దాటుతాయి, ముక్కుపుడక దాటుతాయి, పాపిట దాటుతాయి. మీరావలి నా వెనక వెక్కివెక్కి ఏడుస్తూ, ఏడుపు ఆపమని ఊరిని తిడుతున్నాడు.

లెక్క చూసుకుంటాను. కొత్త బ్యాలెన్సర్ బిగిసింది. ఇంజిన్ ఆగింది. భార్య ఒకటే, విడిపోనిది. ఆమెకు కట్టిన బండ్లు ఇరవై ఏడు. ఆ తాళ్ళన్నీ నిటారుగా నీళ్ళలోకి దిగి ఉన్నాయి, ఏ తాడూ వణకడం లేదు. నా వాటాకు వచ్చింది గజమున్నర జడ. అందులో నీళ్ళకు పైన ఉన్నది జానెడు. అడుగున ఆమె మొహం స్పష్టంగా కనబడుతోంది. కళ్ళు తెరిచి నా వైపే చూస్తోంది. ఆ కళ్ళు పొడిగా ఉన్నాయి.