మొదటి కాగితం వెనక

మధ్యాహ్నం మూడయ్యేసరికి బంట్రోతు చింపిన కాగితాలు పదకొండు. స్కేలు అదిమి, కుట్టు కదలకుండా, ఓపికగా చింపుతున్నాడు. ముప్పై ఏళ్లు ఈ కార్యాలయం గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషి. నేడు, ఒకప్పుడు ఈ కార్యాలయాన్ని ఏలి నిన్న పోయిన పెద్దాయన పటం పక్కన సంతాప పుస్తకానికి కాపలా.

తిట్టు కనబడితే చింపెయ్యమని అధికారి ఆజ్ఞ. చిక్కేమిటంటే, తిట్టు వెనకే ఎవరిదో దండం ఉంటోంది. ఎవరో "పీడ విరగడైంది" అని రాసిన పాపానికి, వెనకవైపున్న పంతులుగారి పద్యం బుట్టపాలైంది. ఆ పద్యం చూపించుకోవడానికి ఆయన తోడల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

"నా పద్యమేదయ్యా?"

"తిట్టుతో పోయిందండీ."

"నేను పొగిడానయ్యా బాబూ!"

"కాగితానికి తెలీదు కదండీ."

బంట్రోతుకు విసుగు నెత్తికెక్కింది. ఒక మనిషి బతుకును స్కేలు పెట్టి మంచీ చెడూ విడదీయమంటే ఎలా?

మొదటి కాగితం మాత్రం భద్రం. దాని మీద అధికారి సొంత నివాళి, కింద గొలుసుకట్టు సంతకం. "వెనక ఎవర్నీ రాయనివ్వకు. సాయంత్రం పుస్తకం పెద్దాయన ఇంటికెళ్తుంది," అని రెండుసార్లు చెప్పాడు.

పంతులుగారు గొణుక్కుంటూ వెళ్లగానే అక్క వచ్చింది. పాతికేళ్ల కిందట, సమ్మె చేస్తున్నవాళ్లను కాల్చమని పెద్దాయన ఆజ్ఞ ఇచ్చిన రోజున, బావ ఇంటికి రాలేదు.

"చచ్చినవాడి కళ్లు చారెడంటారు. చూసిపోదామని వచ్చాన్రా."

"ఇప్పుడెందుకే అక్కా? నాలుగు నెలల్లో నా నౌకరీ అయిపోతుంది."

"తిట్టన్లేరా. ఒక్క మాట వాళ్లింటికి చేరాలి, అంతే."

ఎవరూ చింపకుండా ఆ ఇంటికి చేరే కాగితం ఒక్కటే. చేరనివాటిని పొద్దుట్నుంచీ చింపిన చెయ్యి తనదే. అతను మొదటి కాగితం తిప్పి, కలం అందించాడు. అక్క వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

వాకిట్లో కారు ఆగింది. పుస్తకం కోసం వచ్చిన అధికారి ముఖం ఆ రాత చూసి కందగడ్డైంది.

"వెనక రాయనివ్వొద్దన్నానా! చింపు!"

"మీదీ పోతుందండీ."

అధికారి కాగితం తిప్పి తన సంతకాన్ని చూసుకున్నాడు. మళ్లీ తిప్పాడు. చింపలేదు.

"ఎవరామె?"

"మా అక్కండి."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

 బంట్రోతు నడుంపట్టీ నుంచి నౌకరీ బిళ్ల ఊడదీసి, తెరిచిన పుస్తకం మీద పెట్టి, అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

"అయ్యా, మీరు కాల్చమన్నారు. మా ఆయన తిరిగి రాలేదు. ఇవాళ మీ ఇంట్లో ఏడుపు ఎలాంటిదో నాకు తెలుసు." ఫ్యాను గాలికి లేవబోతున్న, అక్క రాసిన ఆ కాగితాన్ని, ముప్పై ఏళ్లకు అంచులరిగిన ఇత్తడి బిళ్ల అదిమిపట్టి ఉంది.