పరదా వెనక వేళ్ళు

సెమీఫైనల్ గెలిచేసరికి అనలిన్ బొటనవేళ్ళు రెండూ స్వాధీనం తప్పాయి. ఫోన్ పెనంలా కాలుతోంది. దాన్ని ఒళ్ళో బోర్లించి, వేళ్ళు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. బయట బాస్కెట్‌బాల్ కోర్టులో జనం "కెల్విన్! కెల్విన్!" అని రేకుల కప్పు ఎగిరిపోయేట్టు అరుస్తున్నారు.

ఆ అరుపులు విని అనలిన్ నవ్వింది. నవ్వానన్న సంగతి కాస్త ఆగి గాని తెలియలేదు. తెలిశాక ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. ఆ కొట్టుగదిలో చూడటానికి ఎవరున్నారు కనక! ప్లాస్టిక్ కుర్చీల దొంతరలు, పోయినేడు పండగకి కట్టి విప్పేసిన కాగితపు తోరణాలు, మూల ఒక విరిగిన మైకు స్టాండు. గుమ్మానికి తలుపు లేదు. పేటకి సర్పంచి లాంటి కెప్టెన్ గారి నిలువెత్తు బొమ్మ అచ్చేసిన ఫ్లెక్సీని పరదాగా కట్టారు. కెప్టెన్ గారి చొక్కా జేబు దగ్గర చిన్న చిరుగుంది. అందులోంచి చూస్తే స్టేజీ కనిపిస్తుంది.

స్టేజీ మీద కెప్టెన్ గారబ్బాయి కెల్విన్ లేచి నిలబడి జనానికి చేతులూపుతున్నాడు. వాడి చేతిలోనూ ఇలాంటి ఫోనే ఉంది. అదే రంగు, అదే కవరు. అందులో నడుస్తున్నది మాత్రం ఎప్పటిదో పాత ఆట వీడియో. జనం పెద్ద తెర మీద చూసి ఊగిపోయిన ఆట ఇక్కడ, ఈ కుర్చీల మధ్య, అనలిన్ చేతుల్లో జరిగింది.

ఈ పని చేసేవాళ్ళని పైలట్లంటారు. పేరు మాత్రం ఘనంగా ఉంది. ఇంకొకరి అకౌంట్‌లో దూరి, ఇంకొకరి పేరు మీద ఆడి, ర్యాంకు పైకెక్కించి, కిమ్మనకుండా దిగిపోవాలి. ఎక్కించిన మెట్టుకి ఇరవై పెసోలు. ఎక్కినవాడు ఊళ్ళో రొమ్ము విరుచుకుని తిరుగుతాడు. ఎక్కించినవాళ్ళు ఎదురుపడితే చూపు తిప్పుకుంటాడు.

అనలిన్ ఇందులోకి కావాలని రాలేదు. సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలో చేపల తలలు కోస్తూ, తీరిక దొరికినప్పుడు ఫోన్లో ఈ ఆట ఆడుకునేది. చెయ్యి చురుకు. చూస్తుండగానే దేశం మొత్తం మీద మేటి ఆటగాళ్ళ పట్టికలో ఆమె పేరెక్కింది. ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర మగపిల్లలు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆ పూట ఆమె కడుపు అన్నం లేకుండానే నిండింది.

పైకెక్కడం ఒక ఎత్తు, అక్కడ నిలబడటం ఒక ఎత్తు. ఒక్క రోజు ఆడకపోతే వెనకవాళ్ళు ముందుకొచ్చేస్తారు. వరసగా రెండు ఆటలు ఓడితే వారం కష్టం ఊడ్చుకుపోతుంది. జ్వరంలోనూ ఆడాలి, నెలసరి కడుపునొప్పిలోనూ ఆడాలి. ఓడితే ముక్కూ మొహం తెలియని వాళ్ళు అమ్మని ఎత్తి తిడతారు. మైకులో ఆడగొంతు వినిపించిందా, "అన్నం మాడుతోంది, పోయి చూసుకో" అంటారు. అందుకని ఆమె మైకు మూసేసి ఆడటం అలవాటు చేసుకుంది. ఫ్యాక్టరీ షిఫ్టుకీ ర్యాంకుకీ పొసగలేదు. రోజుకి నాలుగు వందల పెసోల పని మానేసింది. మానేశాక ఇంటికి ఏదో ఒకటి తేవాలి కదా, పైలట్ అయింది. తీరా ఊరివాళ్ళ అకౌంట్లన్నీ ఎక్కించే పనిలో పడి తన అకౌంట్ ముట్టుకునే తీరికే లేకపోయింది. కిందటి వారం పట్టిక తెరిచి చూస్తే తన పేరు ఎక్కడా లేదు. కెల్విన్ పేరు ఉంది.

ఇంట్లో మాత్రం ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగమని చెప్పింది. తల్లి ఆ మాట చర్చి మెట్ల మీద నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది. ఆ మురిపెం చూసినప్పుడల్లా అనలిన్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తోచేది కాదు.

ఫ్లెక్సీ పక్కకి తొలిగింది. కెల్విన్ మేనమామ రోల్డాన్ లోపలికొచ్చాడు. జట్టుకి కోచ్ అని మెళ్ళో ఒక బిళ్ళ వేసుకున్నాడు. ఆయన వెనకే కెల్విన్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"శభాష్ తల్లీ! ఇంకొక్కటి. ఫైనల్ ఒక్కటీ కొట్టేసేయ్. మీ నాన్న బండి సోమవారం నుంచి స్టాండులో ఉంటుంది. నాదీ పూచీ."

"మూణ్ణెల్ల నుంచీ సోమవారమే అంటున్నారండీ," అంది అనలిన్, తల ఎత్తకుండానే.

"అప్పుడు వేరు, ఇప్పుడు వేరు. కాయితం మా బావ బల్ల మీదే ఉంది. సంతకం ఎంతసేపు?"

అనలిన్ తండ్రి ట్రైసికిల్, అంటే పక్కన తొట్టి కట్టిన మోటార్‌సైకిల్, బాడుగకి నడుపుతాడు. స్టాండు వరసలో నిలబెట్టుకోవాలంటే ఏటా కెప్టెన్ గారు సంతకం పెట్టి నెంబరివ్వాలి. ఈ ఏడు ఆ సంతకం పడలేదు. ఎందుకు పడలేదో ఎవరూ చెప్పరు. నెంబరు లేని బండి వరసలో పెడితే గాలి తీసేస్తారు కాబట్టి ఆయన సందుల్లో తిరిగి ఒకరో ఇద్దరో దొరికితే ఎక్కించుకుని, ఎండు చేపా అన్నంతో పూట గడుపుతున్నాడు. కెల్విన్ యువజన సంఘం ఎన్నికల్లో నిలబడుతున్నాడనీ, ఈ లోగా వాడికి ఊళ్ళో పేరు రావాలనీ రోల్డాన్ ఆమె దగ్గరికి వచ్చింది అప్పుడే. పండగ పందెం గెలిపిస్తే నాన్నకి నెంబరు. అదీ బేరం.

కెల్విన్ సీసాడు నీళ్ళు తాగి, గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, ఇందాక ముగ్గురు చుట్టుముట్టినా తప్పించుకున్నావ్ చూడు, అదెలాగో కాస్త చెప్పవా? ఎవరైనా అడుగుతారు కదా."

అనలిన్ చెప్పింది. వాడు బుద్ధిగా పెదాలు కదుపుతూ పాఠంలా వల్లెవేసుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు. ఈ ర్యాంకులో వాడు నిజంగా ఆడితే రెండు నిమిషాలు నిలవడు. ఆ సంగతి వాడికీ తెలుసు. అనలిన్‌కి వాడి మీద కోపం రావాల్సింది. రాలేదు. ఇద్దరం ఒకే దొంగసొత్తుకి చెరో కొసా పట్టుకున్నాం అనిపించింది.

"ఫైనల్ ఎవరితో అండీ?" అని అడిగింది రోల్డాన్‌ని.

"రేవు పిల్లలు. ఐసు దిమ్మలు లాగుతాడే, జున్‌రెల్, వాడి జట్టు."

జున్‌రెల్‌దీ ఆమెదీ ఒకే సందు. నాణెం వేస్తే నడిచే కంప్యూటర్ల కొట్లో ఒకే కుర్చీ మీద చెరో సగం కూర్చుని ఆట నేర్చుకున్నారు. నాణెం అయిపోవచ్చే వేళకి వాడు "ఐసు కరిగిపోతోందే, దూకు!" అని గోల పెట్టేవాడు. గెలిచిన జట్టుని ఈసారి ఖర్చులిచ్చి నగరం పోటీలకి పంపుతారు. దానికోసమే రేవు పిల్లలు ఏడాదిగా పని దిగాక ఒక్క ఛార్జర్ వంతులేసుకుని సాధన చేస్తున్నారు. పోయిన నెల జున్‌రెల్ ఇంటికొచ్చి, "నీ చోటు ఖాళీగానే ఉంచాం. వస్తావా?" అని అడిగాడు. వేళ్ళు నొప్పెడుతున్నాయి, ఆట మానేశానని చెప్పింది. వాడు నమ్మాడు. మర్నాడు వాళ్ళమ్మ నూరిన పసరు ఒక సీసాలో పోసి తెచ్చిచ్చాడు. ఆ పసరే ఇప్పుడు ఆమె వేళ్ళకుంది.

ఆట మొదలైంది.

కాసేపు బాగానే నడిచింది. రేవు పిల్లలు గట్టివాళ్ళు, కలిసికట్టుగా ఆడతారు. అనలిన్ ఇవేవీ ఆలోచించకూడదని పళ్ళు బిగించి ఆడింది. ఎదుటి జట్టు టవర్ ఒకటి కూల్చింది. ఇద్దర్ని పడగొట్టింది. ఫ్లెక్సీ అవతల కెల్విన్ పేరు మారుమోగింది. రోల్డాన్ ఆమె వెనక నిలబడి, "అద్దీ! అద్దీ!" అని గుసగుసగా కేరింతలు కొడుతున్నాడు.

పొరపాటు అక్కడే జరిగింది. పొద నుంచి దూకే ముందు అనలిన్ తన హీరోని, ఆటలో తను నడిపే బొమ్మని, ఉన్నచోటనే రెండు చుట్లు తిప్పింది. అలా తిప్పడం వల్ల ఆటలో లాభమేమీ లేదు. చిన్నప్పటి నుంచీ ఉన్న చేతి అలవాటు. ఇరుగుపొరుగు నడకని బట్టి మనిషిని పోల్చుకున్నట్టే, కలిసి ఆడినవాళ్ళు చేతిని బట్టి పోల్చుకుంటారు. పైలట్ మొదట చంపుకోవలసింది ఈ అలవాట్లనే. అలసటలో ఆమెకి జ్ఞాపకం లేకపోయింది.

జున్‌రెల్ హీరో దెబ్బ వేయబోయి ఆగిపోయింది.

అనలిన్ చిరుగులోంచి చూసింది. జున్‌రెల్ తల ఎత్తి ఎదుటి బల్ల దగ్గరున్న కెల్విన్ వైపు చూశాడు. వాడి వేళ్ళ వైపు చూశాడు. తర్వాత స్టేజీ అంతా కలయజూసి, కొట్టుగది గుమ్మానికి కట్టిన ఫ్లెక్సీ దగ్గర చూపు నిలిపాడు. చిరుగులోంచి తన కన్ను వాడికి కనిపించిందేమోనని ఆమె చటుక్కున వెనక్కి తగ్గింది.

పెద్ద తెర మీద, అందరూ చదివేలా, జున్‌రెల్ పేరు పక్కన ఒక వాక్యం వచ్చింది.

*ఐసు కరిగిపోతోంది.*

జనం గొల్లుమన్నారు. "వీడికి ఇక్కడా ఐసు గొడవేనా!" అన్నాడెవడో. మైకు పట్టుకున్నాయన దాని మీద ఇంకో రెండు హాస్యాలాడాడు. ఆ మాట ఎవరికోసమో కోర్టు మొత్తంలో ఇద్దరికే తెలుసు. వాడు లేచి, "దొంగాట!" అని అరిచి ఉంటే ఆమెకి నయంగా ఉండేది. అరవలేదు. తెలిసీ గుట్టు దాచాడు. ఆమె మొహం చెవుల దాకా మండిపోయింది.

జున్‌రెల్ హీరో వచ్చి ఆమె హీరో ఎదురుగా నిలబడింది. కొట్టడం లేదు. కదలడం లేదు.

"దొరికాడు! కొట్టెయ్, కొట్టెయ్," అన్నాడు రోల్డాన్.

వేళ్ళు అలవాటు పడిపోయాయి. ఆమె వద్దనుకునే లోపే కొట్టేశాయి. జున్‌రెల్ హీరో నేలకూలింది. కోర్టు హోరెత్తింది.

"డాన్సు! డాన్సు మర్చిపోయావ్!" రోల్డాన్ ఆమె భుజం తట్టాడు. పడగొట్టిన వాడి మీద చిందులేయించడం కెల్విన్ అలవాటు. వెయ్యకపోతే అనుమానమొస్తుందని ముందే చెప్పి పెట్టాడు. "వెయ్యమ్మా, జనం చూస్తున్నారు."

అనలిన్ మీట నొక్కింది. పెద్ద తెర మీద ఆమె హీరో జున్‌రెల్ పీనుగు మీద తైతక్కలాడింది. జనం పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుల్లో ఒక ఆడగొంతు ఆమెకి విడిగా వినిపించింది. అది అమ్మది. రేవు పిల్లల్ని చూడటానికని ముందు వరసలో కూర్చుంది కాబోలు. అమ్మ నవ్వడం లేదు. "సిగ్గులేకపోతే సరి! పడినోడి మీద గంతులేంటర్రా? ఏ తల్లి కన్నదో!" అంటోంది.

అనలిన్ ఫోన్‌ని ఒళ్ళో బోర్లించింది. రెండు అరచేతులూ దాని మీద పెట్టి కూర్చుంది.

"ఏమైంది? ఫోన్ ఆగిపోయిందా?" రోల్డాన్ వంగి అడిగాడు.

"లేదండీ."

"మరి? ఆడు. వాళ్ళొచ్చేస్తున్నారు."

"ఆడనండీ."

రోల్డాన్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. అరవడానికి లేదు, అరిస్తే ఫ్లెక్సీ అవతల అందరికీ వినిపిస్తుంది. పళ్ళ మధ్య నుంచి బుస కొట్టాడు. "మీ నాన్న బండి మర్చిపోయావా? ఇంక ఈ జన్మలో స్టాండు మొహం చూడదు. ఏం చెప్తావు ఇంట్లో?"

ఏం చెప్పాలో అనలిన్‌కి నిజంగా తెలియదు. కాల్ సెంటర్ లేదని చెప్పాలి. ఆ తైతక్కలు వేయించింది నేనేనని చెప్పాలి. చేతికందిన నెంబరు నేనే వదిలేశానని చెప్పాలి. వాటిలో ఏది ముందు చెప్పాలో తెలియలేదు. చేతులు మాత్రం ఫోన్ మీంచి తీయలేదు.

"నేను చెప్పుకుంటానండీ," అంది.

రోల్డాన్ ఫోన్ లాక్కోబోయాడు. ఆమె వంగి దాన్ని కడుపుకి అదుముకుంది. పెనుగులాటలో కుర్చీల దొంతర ఒకటి ఊగింది. చప్పుడవుతుందని ఆయనే భయపడి దాన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

బయట హోరు సన్నగిల్లింది. అనలిన్ చిరుగు దగ్గర కన్ను పెట్టింది. పెద్ద తెర మీద ఆమె హీరో నడిబాటలో బొమ్మలా నిలబడి ఉంది. రేవు పిల్లలు నలుగురూ దాని చుట్టూ చేరారు. జున్‌రెల్ హీరో మళ్ళీ బతికి వచ్చింది, వాడే వాళ్ళని ఆపినట్టున్నాడు. ఎవరూ కొట్టడం లేదు. జున్‌రెల్ ఫోన్ బల్ల మీద పెట్టేసి ఫ్లెక్సీ వైపే చూస్తున్నాడు.

కెల్విన్‌కి ఇదేదీ తెలియదు. తెర వాడి వీపు వెనక ఉంది. తల వంచుకుని, నుదురు ముడిచి, పాత వీడియో మీద బొటనవేళ్ళు టకటకలాడిస్తూనే ఉన్నాడు.

ముందు వరసలోంచి ఒక ముసలాయన గట్టిగానే అడిగాడు. "ఏమర్రా, ఆ పిల్లాడి వేళ్ళు అంతలా ఆడుతున్నాయి, వాడి బొమ్మ కదలదేం?"

తలలన్నీ కెల్విన్ చేతుల వైపు తిరిగాయి. కోర్టంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో కెల్విన్ వేళ్ళు ఫోన్ అద్దం మీద పడుతున్న చప్పుడు వాడి బల్ల మీది మైకులోంచి వినిపిస్తూనే ఉంది.