చెయ్యి పెట్టకుండా

లింగస్వామి వోల్టేజీ సరిచేసే పాట్ కాడకు టూత్‌పేస్టు మూత తొడిగి వెంట్రుకవాసి తిప్పాడు. బోర్డు మీద ఎర్ర ఎల్‌ఈడీ రెపరెపలాడింది. ఇంకాస్త వెనక్కి తిప్పాడు. ఆరి నిలిచింది.

నల్గొండ అవతలి ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా అటెండర్‌గా ఇదే స్టూలు. ఎడమ బొటనవేలి మీద సోల్డరింగ్ మచ్చలు. చొక్కాకు పట్టిన సోల్డరింగ్ రోజిన్ పొగ వాసన ఎన్నిసార్లు ఉతికినా పోదని భార్య గోపమ్మ సణుగుతుంది.

కిటికీ వెలుతురు సెన్సర్ మీద పడి ఒక వోల్టేజీ వస్తుంది. మూత తిప్పి తాను పెట్టింది ఇంకొకటి. చిప్పులోని కంపారేటర్ రెండింటినీ పోల్చి, వెలుతురుది తగ్గితే ఎల్‌ఈడీ వెలిగిస్తుంది. ఎంత తగ్గిందో దానికి పట్టదు.

ఈ సెన్సర్ పెట్టమన్నది లెక్చరర్ శ్రీశైలం.

"అన్నా, ఎవ్వరు చెయ్యి పెట్టకుండ నడవాలె. పక్కన మనిషే ఉండొద్దు. ఇన్‌స్పెక్షన్ కమిటీ వాళ్లు చూసి పరేషాన్ గావాలె."

"మరి నా పర్మినెంటు కాగితం సారూ?"

"జర ఆగు. కమిటీ పోయినంక నేనే సంతకం పెట్టిస్త."

శ్రీశైలం ఈ ల్యాబులో చదివినవాడే. సెకండియర్‌లో సోల్డరింగ్ ఐరన్‌ను కాలే కొసన పట్టుకుని అరిచాడు. లింగస్వామి పరుగున వచ్చి, టూత్‌పేస్టు మూత పంటితో లాగి, పేస్టు అరచేతికి పూశాడు. ఆ మూతే ఇది.

పదకొండుకు కమిటీ వచ్చింది. లింగస్వామి తలుపు దగ్గర నిలబడ్డాడు. శ్రీశైలం సెన్సర్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఎల్‌ఈడీ వెలిగింది.

"బాగుంది. ఎవరు చేశారు?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"నేనే సార్. ఈ ల్యాబుకు అటెండర్ అవసరం లేదని చూపించడానికే. నోట్‌లో రాసిచ్చాను." తర్వాత తలుపు వైపు, మొహం చూడకుండా, "లింగస్వామీ, సార్లకు చాయ్ తే."

'అన్నా' అన్న పిలుపు ఊడిపోయింది. ట్రే పట్టుకుని వంగినప్పుడు లింగస్వామి నీడ పడి ఎల్‌ఈడీ వెలిగింది.

"చాయ్‌కి కూడా వెలుగుతోందే!" పెద్దాయన నవ్వాడు. అందరూ నవ్వారు.

మూడింటికి కాగితం చేతికొచ్చింది. రేపటినుంచి రానక్కర్లేదు.

"గిది నువ్వే రాసినవా తమ్మీ?"

"పైనోళ్లు అడిగిన్రన్నా. నా నౌకరి గూడ ఉండాలె గద."

"ఏ చేత్తోని రాసినవ్? కాలిన చేత్తోనేనా?"

శ్రీశైలం కుడిచేయి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

లింగస్వామి ఐరన్ మొనను రోజూలాగే తడి స్పాంజికి తుడిచి స్టాండులో పెట్టాడు. ఒక్కొక్క బల్ల స్విచ్చూ ఆర్పుకుంటూ కిటికీ దగ్గరికొచ్చాడు. బోర్డు వైరు దాకా వెళ్లిన చెయ్యి ఆగింది.

"చెయ్యి పెట్టొద్దన్నడు గద," అని గొణుక్కుని, టిఫిన్ డబ్బా అందుకుని, మునుగోడు బస్సుకు నడిచాడు.

పొద్దు వాలింది. ఖాళీ ల్యాబులో ఎల్‌ఈడీ రెండుసార్లు రెపరెపలాడి, నిలిచి వెలిగింది. దాని పక్కన, పంటిగాట్లున్న తెల్లమూత ఎర్రబారింది.