సున్నం కింద పేరు

జువ్వలగుంట పంచాయతీ ఆత్మకూరు మున్సిపాలిటీలో కలిసిపోయిన పదో రోజు. పంచాయతీ ఆఫీసు గోడకు సున్నం కొడుతున్నారని తెలిసి మస్తానయ్య చెప్పులైనా తొడుక్కోకుండా పోయాడు. ఆ గోడ మీద పాత సర్పంచుల పేర్లలో ఐదోది అతని భార్య లిదియమ్మది. ఆమె చనిపోయి మూడేళ్లయింది. ఊళ్లో ఆమె పేరున్నది అక్కడొక్కచోటే. సమాధి రాయి మీద కూడా అతను ‘మస్తానయ్య భార్య’ అనే చెక్కించాడు.

“ఆ ఒక్క పేరు వదిలెయ్యండి,” అన్నాడు కొత్తగా వచ్చిన వార్డు ఆఫీసరు ప్రవీణ్‌కుమార్‌తో.

“ఆమె ఏం చేసినాదో చెప్పు పెద్దాయనా. పైవాళ్లను అడగతాను.”

“ఐదేండ్లు ఊరిని ఏలినాది.”

వసారా ఊడుస్తున్న శీనమ్మ చీపురు ఆపింది. ఆమె లిదియమ్మకు పిన్నమ్మ కూతురు.

“ఎవురు బావా ఏలినాది? కుర్చీ నీది, సంతకాలు నీవి. అక్క ఒక్కసారి దాంట్లో కూసుంటే ‘లెయ్’ అని కసిరినావు. నేను ఈడనే ఉండా.”

మస్తానయ్య ఆమె వైపు చూడలేదు. ఆత్మకూరుకు పంపడానికి కట్టిపెట్టిన తీర్మానాల పుస్తకాల్లోంచి ఒకటి లాగాడు. ఏ పేజీ తిప్పినా లిదియమ్మ సంతకమే. పెట్టింది మాత్రం అతను. చివరికి ఒకచోట వంకర అక్షరాలతో ఆమె సొంత సంతకం కనబడింది. అతను ఉదయగిరికి పెళ్లికి పోయిన రోజు ఆమె తానే మీటింగు పెట్టి రాయించిన తీర్మానం అది: ‘మా ఊరిని ఆత్మకూరులో కలపవద్దు.’

“ఇదో, ఇది ఆమె చేసిందే.”

ప్రవీణ్‌కుమార్ పుస్తకం అందుకున్నాడు. “మరి దీనిమీద గీత కొట్టింది ఎవురు?”

గీత కింద ‘కలపడానికి సమ్మతమే’ అని ఉంది. దాని కింద మళ్లీ లిదియమ్మ సంతకం, ఈసారి గుండ్రంగా.

“ఈ సమ్మతి పట్టుకునే కదా మీ ఊరిని కలిపినారు,” అన్నాడు ప్రవీణ్‌కుమార్.

“చెప్పు బావా, ఎవురు?” అంది శీనమ్మ.

కలిస్తే మెట్టచేలు ప్లాట్లయి ధర పలుకుతాయని ఎవరో అంటే అప్పట్లో మస్తానయ్య నమ్మాడు. పెళ్లి నుంచి వస్తూనే గీత కొట్టాడు. వద్దని ఆమె చెయ్యి పట్టుకుంటే విదిలించాడు.

“నేనే,” అన్నాడు.

పుస్తకం మూసి కట్టలో పెట్టాడు. సున్నం కొట్టే మనిషి వైపు తిరిగాడు.

“కొట్టు. సర్పంచనే పేరు ఆమెకు నేను ఎప్పుడిచ్చినాను?”

శీనమ్మ సర్పంచు కుర్చీ లాగింది. “కూసో బావా, అలవాటే గదా.”

అతను కింద గచ్చు మీద కూర్చున్నాడు. సున్నం తడిగా ఉన్నంతసేపు లోపల పేరు కనబడుతూనే ఉంది. ఆరేదాకా లేవలేదు.