సగం గంజి

రొయ్యలు వలిచే షెడ్డులో పదకొండు గంటలకే బ్రిజిత వేళ్లు మొరాయించాయి. రొయ్య తల తుంచింది గానీ పెంకు వలవడం చేతకాలేదు. పక్కన సరోజిని నాలుగో గిన్నె నింపుతోంది. బ్రిజితకి రెండోది కూడా సగమే అయింది. గిన్నెకి నాలుగు రూపాయలు.

"ఏమే, రొయ్యలకి జోలపాట పాడుతున్నావా?" అంది షెడ్డు మేస్త్రమ్మ. "రేపూ ఇంతే అయితే ఇక రాకు."

ఆవిడ అటు వెళ్లగానే సరోజిని బ్రిజిత గడ్డం పట్టుకుని తిప్పింది. "దవడ బిగుసుకుపోయిందేంటే? ఏం తింటున్నావు?"

"తమ్ముడి మందు."

బ్రిజిత తమ్ముడు లోనప్పన్‌కి ఎవరికీ వినపడని గొంతులు వినపడతాయి. అవి చెప్పాయని పోయిన వానల్లో పక్కింటి వర్కీ చెయ్యి తెడ్డుతో విరగ్గొట్టాడు. ఇంకోసారి చెయ్యెత్తితే గొలుసులేసి పిచ్చాసుపత్రికి పంపేస్తామని గట్టు మీది ఇళ్లవాళ్లంతా ఒక్కమాట మీదికొచ్చారు. డాక్టరు రుచీ వాసనా లేని చుక్కల మందిచ్చి, చెప్పకుండా గంజిలో కలపమన్నాడు. ఆయనదేం పోయింది! అక్క విషం పెడుతోందని లోనప్పన్ అనుమానం. కళ్లముందు ఆమె సగం తాగితేనే మిగతా సగం ముడతాడు. పది చుక్కల్లో అయిదు ఆమెకే పోయేవి. తమ్ముడి కోపం తగ్గలేదని ఆమె చెబితే డాక్టరు ఇరవై చేశాడు. ఇప్పుడు అతను నెమ్మదించాడు, ఆమె కూడా నెమ్మదించింది. ఊరు నిశ్చింతగా ఉండడానికి జబ్బులేని మనిషి మందు మింగుతోంది.

"డాక్టరుకి చెప్పొచ్చుగా!"

"చెబితే ఇంట్లో కుదరదు, పిచ్చాసుపత్రిలో చేర్పించమంటాడు. అక్కడికెళ్లిన మా మేనమామ తిరిగొచ్చాడా?"

సరోజిని మళ్లీ రొయ్యలు అందుకుంది.

రెండింటికి బ్రిజిత ఆలప్పుళ పడవ దిగి ఇంటికొచ్చింది. వంటమూలలో మందు కలిపి, గంజి గిన్నె తమ్ముడి ముందు పెట్టింది. లోనప్పన్ దాన్ని ఆమె వైపు తోశాడు.

"ముందు నువ్వు."

గిన్నె ఎత్తింది. నోరు సరిగా తెరుచుకోలేదు, గంజి గడ్డం మీదుగా కారింది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది. గిన్నె దించేసింది.

"తాగనురా."

"విషమేగా?"

"మందు. నీ మందు. అయిదు నెలల్నించి సగం నేనే తాగుతున్నా. ఇక నా వల్ల కాదు." సీసా తెచ్చి గిన్నె పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. "తాగితే తెలిసి తాగు. లేదంటే పారబొయ్యి."

లోనప్పన్ సీసా వంక చూశాడు, తర్వాత ఆమె దవడ వంక చూశాడు.

"అయిదు నెలలా?" అంటూ లేచాడు.

గుమ్మం అతని వెనక ఉంది, పారిపోవాలంటే అతన్ని దాటాలి. బ్రిజిత కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.